కంప్యూటర్ నుంచి ఆంప్లిఫయర్‌కి ఏ వైరు? మీ ప్రశ్నలకు జవాబులు

కంప్యూటర్‌కి విడిగా డాక్ పెట్టుకుంటే పాటలు బాగుంటాయని ఇంతకు ముందు ఈ శీర్షికలో రాశాక వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే చోట ఆగాయి. డాక్ కొన్నాం సరే, వెనక చూస్తే మూడు నాలుగు రకాల సాకెట్లున్నాయి, దేన్లో గుచ్చాలి అని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట: డాక్ (డీఏసీ) అంటే కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్న పాటని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే కరెంటుగా మార్చే పెట్టె. మీ ల్యాప్‌టాప్ లోపలా ఒకటుంది, ఫోన్‌లోనూ ఒకటుంది. బయట పెట్టుకునేది కాస్త శుభ్రంగా, తీరిగ్గా చేస్తుందని కొంటాం.

ప్రశ్న: నేను రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా అబ్బాయి డాలస్ నుంచి వస్తూ ఒక డాక్ తెచ్చాడు. దానికి యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ మూడూ ఉన్నాయి. నా డెస్క్‌టాప్ వెనక కూడా ఆప్టికల్ సాకెట్ ఉంది. ఇక్కడి షాపతను "ఆప్టికల్ అంటే కాంతి కదా సార్, కల్తీయే ఉండదు" అంటున్నాడు. మా వాడేమో "యూఎస్‌బీయే పెట్టండి నాన్నా, అది అసింక్రనస్" అంటాడు. ఎవరి మాట వినాలి? (గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి మాటే వినండి మాస్టారూ. షాపతను చెప్పినదాంట్లోనూ సగం నిజముంది, అది ఎక్కడ అక్కరకొస్తుందో కింది ప్రశ్నలో చెబుతాను. ముందు మీరు ఫిజిక్స్ వారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ఆప్టికల్, కోయాక్సియల్ అని రెండు పేర్లున్నా లోపల వెళ్ళే సంకేతం ఒకటే. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు సీడీ ప్లేయర్ల కాలంలో కలిసి తయారుచేసిన ఎస్పీడిఫ్ అనే పద్ధతి అది. రాగి తీగలో కరెంటుగా పంపితే కోయాక్సియల్, ప్లాస్టిక్ ఫైబర్‌లో ఎర్రటి ఎల్ఈడీ వెలుగుగా పంపితే ఆప్టికల్. ఈ రెండోదాన్ని 1983లో తోషిబా తెచ్చింది కాబట్టి టాస్‌లింక్ అని కూడా అంటారు. ఈ పద్ధతిలో పాట తాలూకు అంకెలు, అవి ఏ వేగంతో రావాలో చెప్పే గడియారం, రెండూ ఒకే ప్రవాహంలో కలిసి వస్తాయి. అంటే వేగం పెత్తనం పంపేవాడిది. సీడీ పాటలో సెకనుకి 44,100 నమూనాలు (ఆ క్షణపు శబ్దాన్ని కొలిచిన అంకెలు) ఉంటాయి, అంటే ఒక్కోటి దాదాపు 22.7 మైక్రోసెకన్లకి ఒకసారి పడాలి. ఆ గడియారం ఉన్నదేమో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై అన్నీ ఇరుక్కుని ఉండే మదర్‌బోర్డు మీద. అందుకని నమూనాలు రవ్వంత ముందూ వెనకా అవుతుంటాయి, దాన్నే జిట్టర్ అంటారు. వచ్చేదాని వేగాన్ని చూసుకుంటూ ఆ వణుకుని వడకట్టుకోవాల్సిన పని డాక్ నెత్తిన పడుతుంది.

మీ అబ్బాయి చెప్పిన అసింక్రనస్ యూఎస్‌బీలో పెత్తనం తిరగబడుతుంది. గడియారం డాక్ లోపలే, మార్చే చిప్పు పక్కనే ఉంటుంది. కంప్యూటర్ పంపినదాన్ని డాక్ కాసేపు దగ్గర పెట్టుకుని తన గడియారం ప్రకారం వాడుకుంటూ, కాస్త ఎక్కువ పంపు, కాస్త తగ్గించు అని కంప్యూటర్‌కి కబురు పెడుతూ ఉంటుంది. పెళ్ళి బంతిలో వడ్డించేవాడి హడావుడికి తగ్గట్టు మనం మింగడం కాకుండా, మన తీరుకి తగ్గట్టు వాడు వడ్డించడమన్నమాట. పాత యూఎస్‌బీ డాక్‌లు చాలావరకు అడాప్టివ్ అనే పద్ధతిలో కంప్యూటర్ వెనకాల పరిగెత్తేవి. ఇప్పుడు పేరున్న కంపెనీ డాక్ ఏది కొన్నా అసింక్రనసే వస్తోంది.

అయితే ఇది చెవికి తెలుస్తుందా? ఈమధ్య వచ్చిన మంచి డాక్‌లు ఎస్పీడిఫ్‌లో వచ్చే వణుకుని కూడా బాగానే వడకడుతున్నాయి. ఏ వైరు పెట్టారో చెప్పకుండా వినిపిస్తే మీరూ నేనూ పోల్చుకోవడం కష్టం. అందుకే యూఎస్‌బీ పెట్టమనడానికి నా అసలు కారణాలు వేరే, అవన్నీ ఒట్టి పనికి సంబంధించినవి. ఆప్టికల్ మీద 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ వరకు, అంటే సెకనుకి 96 వేల నమూనాల వరకు ధీమాగా ఉండొచ్చు, 192 కొన్ని జతల మధ్య పనిచేస్తుంది, కొన్నిటి మధ్య చేయదు. యూఎస్‌బీలో ఆ బెడద లేదు. 1998లో వచ్చిన మొదటి యూఎస్‌బీ ఆడియో పద్ధతి కూడా 96 దగ్గరే ఆగిపోయేది గానీ, 2009లో వచ్చిన రెండోది దాన్ని ఎప్పుడో దాటింది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10 అయితే, 2017లో వచ్చిన అప్‌డేట్ నుంచి ఆ రెండో పద్ధతికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. మ్యాక్, లైనక్స్ వాళ్ళకి అంతకన్నా చాలా ముందే వచ్చేసింది. ఇంకా విండోస్ 7 నడుస్తుంటే మాత్రం డాక్ తయారుచేసినవాళ్ళ వెబ్‌సైట్ నుంచి డ్రైవర్ దించుకోవాలి. అది దొరక్కపోతే చింతేం లేదు, నిక్షేపంగా ఆప్టికల్ పెట్టుకోండి. సీడీలు కాపీ చేసుకున్న పాటలకి, పాత సినిమా పాటలకి అది చాలు, ఇంకా మిగులుతుంది. 1960ల నాటి పాటలు ఎలాగూ మోనోలోనే ఉన్నాయి, వాటిలో తేడా చూపించేది వైరు కాదు, ఎవరు ఏ టేపు నుంచి ఎంత శ్రద్ధగా డిజిటల్‌లోకి ఎక్కించారన్నది.

యూఎస్‌బీ పెడితే డెస్క్‌టాప్ ముందువైపు సాకెట్లు వదిలేసి, వెనక మదర్‌బోర్డుకే ఉన్నవాటిలో ఒకదాన్ని వాడండి. పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్ అన్నీ వేలాడే హబ్బులో పెట్టకండి. కోయాక్సియల్ సాకెట్ వృథా అనుకోవద్దు, ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఉంటే దాన్ని అక్కడ కలపండి. దానికి ప్రత్యేకం వైరు కొననక్కర్లేదు, ఆ రోజుల్లో టీవీకి పెట్టుకున్న మూడు రంగుల వైర్లలో పసుపుది తీసి పెట్టండి. బొమ్మ కోసం చేసిన ఆ వైరూ 75 ఓమ్‌లదే, ఇక్కడ కావలసిందీ 75 ఓమ్‌లదే.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఫ్లాట్. ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ డాక్, అక్కడి నుంచి ఆంప్లిఫయర్. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో సన్నగా గుయ్‌మని చప్పుడు. మౌస్ కదిపితే ఆ చప్పుడు కూడా కీచుకీచుమని మారుతుంది. డాక్ మార్చాలా? టెన్షన్‌గా ఉంది, మొన్ననే కొన్నాను.

జవాబు: డాక్ జోలికి వెళ్ళకండి, దాని తప్పేం లేదు. ముందు ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద అదే పాట, అదే వాల్యూమ్‌లో వినండి. చప్పుడు ఠక్కున ఆగిపోతే ఇది గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జర్ గుండా ఒక చోట ఎర్త్ అవుతోంది, ఆంప్లిఫయర్ ఇంకో చోట అవుతోంది, రెంటి మధ్యా మీ యూఎస్‌బీ వైరు తాలూకు గ్రౌండ్ తీగ వంతెన వేసింది. మన ఇళ్ళలో ఈ గోడ సాకెట్ ఎర్త్‌కీ ఆ గోడ సాకెట్ ఎర్త్‌కీ కాస్త తేడా ఉండటం మామూలే, ఆ తేడా కరెంటుగా మారి మీ ఆడియో వైర్ల గుండా తిరుగుతోంది. ఒకే తీరుగా వచ్చే గుయ్ అయితే అది 50 హెర్ట్జ్ మెయిన్స్ కరెంటుది. మౌస్‌తో పాటు మారే కీచు అయితే కంప్యూటర్ లోపలి రొద అదే దారిన స్పీకర్ల దాకా వస్తోందన్నమాట. మీకు రెండూ ఉన్నట్టున్నాయి.

డబ్బు ఖర్చు లేని మందు మొదట వేయండి. ల్యాప్‌టాప్ ఛార్జర్, ఆంప్లిఫయర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. ఆంప్లిఫయర్‌కి సెట్‌టాప్ బాక్స్ కూడా కలిపి ఉంటే, కేబుల్ టీవీ వైరుని ఒకసారి పీకి చూడండి. ఆ వైరు మీద తొడుగు కూడా ఎక్కడో మేడ మీద ఎర్త్ అయి ఉంటుంది, చాలా ఇళ్ళలో అసలు దొంగ అదే.

అప్పటికీ పోకపోతే షాపుల వాళ్ళు ఊదరగొట్టే ఆ 'కాంతి' ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఆప్టికల్ కేబుల్ ప్లాస్టిక్, దాంట్లో కరెంటు పారదు, కాబట్టి కంప్యూటర్‌కీ డాక్‌కీ మధ్య లూప్ తెగిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌కి ఆప్టికల్ లేకపోయినా, యూఎస్‌బీలో గుచ్చితే ఆప్టికల్ ఇచ్చే చిన్న కన్వర్టర్లు దొరుకుతాయి. అయితే ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది: ఆప్టికల్ పెట్టి, డాక్‌కి పవర్ మాత్రం మళ్ళీ ఆ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే ఇస్తారు. తెంపిన ముడిని రెండో చేత్తో మళ్ళీ వేసినట్టే, చప్పుడు ఎక్కడికీ పోదు. డాక్‌కి విడిగా అడాప్టర్ పెట్టండి, రెండు పిన్నుల మంచి ఫోన్ ఛార్జర్ అయినా సరే.

యూఎస్‌బీ వైరు మధ్యలో పెట్టి ఆ లూప్‌ని తెంపడానికి యూఎస్‌బీ ఐసొలేటర్ అని ఇంకో వస్తువు అమ్ముతారు. చౌకగా దొరికేవి ఎక్కువగా 12 మెగాబిట్‌ల పాత వేగానికే పరిమితం, కొత్త డాక్‌లు కొన్ని వాటి వెనక అసలు కనపడవు, కనపడినా 96 దాటవు. 480 మెగాబిట్‌లవి ఉన్నాయి కానీ ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆప్టికల్‌తో పోయే రోగానికి అంత పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక యూట్యూబ్ చూసి కొంతమంది ఛార్జర్ మూడో పిన్ను విరగ్గొడతారు, లేదా దాని మీద టేపు చుడతారు. చప్పుడు పోతుంది, నిజమే. దాంతో పాటు షాక్ కొట్టకుండా మిమ్మల్ని కాపాడే ఏర్పాటూ పోతుంది. ఇంట్లో పిల్లలుంటే మరీ. ఆ పని మాత్రం చేయొద్దు, ఎవరు చెప్పినా సరే.

ప్రశ్న: ఆప్టికల్ కేబుల్ కొన్నాను. కంప్యూటర్ వైపు గుచ్చితే రెండో కొసలో ఎర్ర లైటు వెలుగుతోంది. డాక్‌లో పెడితే ఏమీ వినిపించదు. కేబుల్ పాడైందా? (విజయవాడ)

జవాబు: లైటు కొస దాకా వస్తోందంటే కేబుల్ తెగలేదు. కేబుల్ కొసలకి ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీలు తీశారా? నవ్వకండి, ఆ టోపీతోనే లోపలికి నొక్కి, సరిగా పట్టడం లేదని షాపుకి తిరిగిచ్చేవాళ్ళు ఉన్నారు. సరిగ్గా కూర్చుంటే చిన్నగా టక్‌మంటుంది. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ కింద డిజిటల్ అవుట్‌పుట్ అన్నది ఎంచుకోండి, ఊరికే వైరు పెడితే విండోస్ దానంతటదే మారదు. అదే చోట ఫార్మాట్ 192 అని ఉంటే 48కి దించండి, వినిపించాక ఒక్కో మెట్టు పెంచుకుంటూ వెళ్ళి ఎక్కడ ఆగుతుందో చూడవచ్చు. డాక్ మీద కూడా ఇన్‌పుట్ మీట ఆప్టికల్ వైపు ఉండాలి.

టీవీ నుంచి ఆప్టికల్ పెట్టిన మరో ఇద్దరు కూడా ఇదే బాధ రాశారు. వాళ్ళకి వేరే మందు: టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ ఆటో, బిట్‌స్ట్రీమ్, డాల్బీ ఇలా ఏదైనా ఉంటే పీసీఎం (కుదించని మామూలు రూపం) అని మార్చండి. రెండు స్పీకర్ల కోసం చేసిన డాక్‌కి డాల్బీ విప్పుకోవడం రాదు, అందుకే నోరు మూసుకుంటుంది. కేబుల్‌ని మాత్రం మూలల్లో కర్టెన్ తాడులా బిగించి మడవకండి, లోపల ఫైబర్ ఒకసారి నలిగితే మళ్ళీ బాగవదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఒక ఆడియో షాపులో వెండి పూత యూఎస్‌బీ కేబుల్ చూపించి, ఇది పెడితే బేస్ గట్టిపడుతుంది, గొంతులో తీపి వస్తుంది అన్నారు. కొన్ని వేలు చెబుతున్నారు. కొనమంటారా? (వరంగల్)

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బు హెడ్‌ఫోన్‌కి పెట్టు.

ఎందుకో కూడా చెబుతాను, నువ్వు ఇంజనీరింగ్ కాబట్టి. యూఎస్‌బీలో ఫైల్ కాపీ చేసేటప్పుడు ఒక ముక్క చెడిపోతే మళ్ళీ పంపించుకుంటుంది. పాట పంపేటప్పుడు అలా కాదు, ఐసోక్రనస్ అనే పద్ధతిలో వెళుతుంది, అంటే టైముకి చేరడం ముఖ్యం, చెడిపోయిన ముక్కని మళ్ళీ అడగడం ఉండదు. చెడిందో లేదో కనిపెట్టడానికి సీఆర్‌సీ ఉంటుంది, అంతే. ఈ మాట పట్టుకునే కేబుల్ అమ్మేవాళ్ళు "చూశారా, తప్పులు దిద్దుకోదు" అని బెదిరిస్తారు. సరే, తప్పు వచ్చిందే అనుకుందాం, అప్పుడు ఏం వినిపిస్తుంది? టిక్‌మని ఒక చప్పుడో, క్షణం పాటు ఖాళీయో వస్తుంది. ఆ ముక్కలో బేస్ విడిగా, గొంతు విడిగా ఉండవు కదా, చెడితే బేస్ మాత్రం మెత్తబడటానికి. తీపి తగ్గడానికి అంకెల్లో తీపి అనే గడి లేదు. టిక్కులు లేకుండా పాట సాఫీగా వస్తుంటే నీ కేబుల్ తన పని పూర్తిగా చేస్తున్నట్టే.

కేబుల్‌లో నిజంగా చూడాల్సినవి రెండే. పొడవు ఎక్కువ ఉండకూడదు, యూఎస్‌బీ 2.0కి 5 మీటర్లు హద్దు, ఒకటి రెండు మీటర్లైతే నిశ్చింత. పిన్నులు వదులుగా ఉండకూడదు. ప్రింటర్‌తో వచ్చిన చదరపు మూతి కేబుల్ ఇంట్లో మూలన పడి ఉంటే, డాక్‌కి అదే సాకెట్ అయితే, అదే చాలు. సీ టైప్ అయితే ఒక్క జాగ్రత్త: కొన్ని చవక సీ కేబుళ్ళు ఛార్జింగ్‌కి మాత్రమే, వాటిలో డేటా తీగలే ఉండవు. పాట రాకపోతే డాక్‌ని తిట్టే ముందు ఆ కేబుల్‌తో ఫోన్ నుంచి ఒక ఫోటో కాపీ అవుతుందేమో చూసుకో.

ప్రశ్న: నా డాక్ మీద చిన్న డిస్‌ప్లే ఉంది. సీడీ పాట పెట్టినా, హై రిజల్యూషన్ పాట పెట్టినా ఎప్పుడు చూసినా 48 అనే చూపిస్తుంది. మోసపోయానా? (నెల్లూరు)

జవాబు: డాక్ ఉన్నమాటే చెబుతోంది, దానికి అందుతున్నది 48 కిలోహెర్ట్జే. మార్చేది విండోస్. బ్రౌజర్‌లో వీడియో చప్పుడు, మెయిల్ వచ్చిన టింగ్, మీ పాట, అన్నీ ఒకేసారి వినిపించాలి కాబట్టి విండోస్ అన్నిటినీ ఒకే వేగానికి మార్చి కలిపి పంపుతుంది. ఆ వేగం మీ దగ్గర 48 అని పెట్టి ఉంది. యూఎస్‌బీ అయినా ఆప్టికల్ అయినా ఇది వైరు దాకా రాకముందే జరిగిపోయే పని, అందుకే వైరు మార్చి ఏమీ లాభం లేదు.

దీనికి ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టుకోవాలి. ఫూబార్2000 ఉచితంగా దొరుకుతుంది, అందులో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి అవుట్‌పుట్ జాబితాలో మీ డాక్ పేరుతో ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకోండి. అప్పుడు పాట ఏ వేగంలో ఉంటే డాక్ మీద అదే పడుతుంది, సీడీ పాటకి 44.1 కనిపిస్తుంది. కాకపోతే పాట నడుస్తున్నంతసేపు మిగతా ప్రోగ్రాములు మూగబోతాయి, వాట్సాప్ టింగు కూడా రాదు. నన్నడిగితే అదీ ఒక సుఖమే. డాక్ కంపెనీ ఏసియో అనే, విండోస్ కలిపే పనిని తప్పించుకుని నేరుగా డాక్‌కి పంపే డ్రైవర్ ఇస్తే దాంతోనూ ఇదే పని జరుగుతుంది. మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి వేగాన్ని చేత్తో మార్చుకోవచ్చు.

ఇంతా చేస్తే తేడా వినిపిస్తుందా అంటే, 44.1ని 48 చేసే పని ఇప్పటి విండోస్ మరీ ఘోరంగా ఏమీ చేయదు. మీకు ఆ అంకె చూసినప్పుడల్లా మనసులో గుచ్చుకుంటుంటే మార్చుకోండి, లేకపోతే పాట వినండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. బేస్‌మెంట్‌లో 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ నడిపేది), కంప్యూటర్ ఉన్నాయి. ఆప్టికల్‌తో కలిపితే నా దగ్గరున్న మల్టీచానల్ ఫ్లాక్ పాటలు ముందు రెండు స్పీకర్లలోనే వస్తున్నాయి. సినిమాలు మాత్రం ఐదింటిలోనూ వస్తున్నాయి. ఎందుకిలా?

జవాబు: ఆప్టికల్‌లో మామూలు పీసీఎం రూపంలో రెండు చానళ్ళకే చోటుంది. సినిమాలో ఐదూ ఎందుకొస్తున్నాయంటే డాల్బీ డిజిటల్, డీటీఎస్ వాళ్ళు ఆరు చానళ్ళనీ కుదించి, పోగొట్టగలిగింది పోగొట్టి, ఆ చిన్న దారిలో పట్టేలా మూటకట్టారు, మీ రిసీవర్ ఆ మూట విప్పుతోంది. ఫ్లాక్ నాణ్యత పోగొట్టకుండా పాటని దాచే ఫైలు, దాంట్లో ఆ మూట లేదు. కాబట్టి మీ ఒక్కరి విషయంలో యూఎస్‌బీ, ఆప్టికల్ రెండూ పక్కన పెట్టి హెచ్‌డీఎమ్ఐ వాడండి. దాంట్లో కుదించని పీసీఎం 8 చానళ్ళు, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ వరకు వెళుతుంది. విండోస్‌లో స్పీకర్ కాన్ఫిగరేషన్‌ని 5.1కి మార్చడం మరిచిపోవద్దు, అది స్టీరియో అని ఉంటే హెచ్‌డీఎమ్ఐ పెట్టినా మళ్ళీ రెండే.

దీనికి ఒక తలనొప్పి ఉంది, ముందే చెబుతాను. హెచ్‌డీఎమ్ఐ బొమ్మ లేకుండా చప్పుడు పంపదు, అందుకని కంప్యూటర్ మీ రిసీవర్‌ని రెండో మానిటర్ అనుకుంటుంది. మౌస్ బాణం ఆ లేని తెర మీదకి వెళ్ళిపోయి కనపడకుండా పోతుంది, తెరిచిన విండోలు కూడా ఒక్కోసారి అక్కడే పుడతాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెండ్ తీసేసి డూప్లికేట్ పెట్టండి. లేదా కంప్యూటర్ నుంచి రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి ఒకే వరసలో కలిపేస్తే గొడవే ఉండదు. పాట మధ్యలో రిసీవర్ ఆపితే మాత్రం ఆ ఆడియో పరికరమే కంప్యూటర్‌కి మాయమవుతుంది, పాట కంప్యూటర్ సొంత స్పీకర్లోంచి మొదలై ఇల్లంతా ఉలిక్కిపడుతుంది.

ప్రశ్న: ఇన్ని వైర్లు నావల్ల కాదండీ. ల్యాప్‌టాప్ నుంచి బ్లూటూత్ స్పీకర్‌కి పొద్దున్నే భక్తి పాటలు పెట్టుకుంటాను. బాగానే ఉంటాయి. కానీ మా అమ్మాయి అదే ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులో చేరగానే శబ్దం పాత ఫోన్‌లో మాట్లాడినట్టు అయిపోతుంది. (రాజమండ్రి)

జవాబు: మీ పొద్దుటి పాటలకి ఏ వైరూ అక్కర్లేదమ్మా, హాయిగా అలాగే వినండి. బ్లూటూత్ పాటని కుదించి పంపుతుంది. సీడీ పాటకి సెకనుకి 1,411 కిలోబిట్‌లు కావాలి, మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో బ్లూటూత్ దాదాపు 328 దగ్గర సరిపెడుతుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య ఆ తేడా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అమ్మాయి సంగతి వేరు. క్లాసులో చేరగానే ప్రోగ్రాం హెడ్‌ఫోన్‌లోని మైక్‌ని అడుగుతుంది. మామూలు బ్లూటూత్‌కి ఒకే సమయంలో మంచి స్టీరియో పంపుతూ మైక్ కూడా తీసుకోవడం రాదు, అందుకని ఫోన్ కాల్స్ కోసం చేసిన హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి దిగిపోతుంది, గొంతు సన్నబడి మోనో అయిపోతుంది. హెడ్‌ఫోన్ పాడవలేదు. క్లాసు ప్రోగ్రాం ఆడియో సెట్టింగ్స్‌లో మైక్ దగ్గర హెడ్‌ఫోన్ పేరు తీసేసి ల్యాప్‌టాప్ సొంత మైక్ పెట్టమనండి, వినడానికి హెడ్‌ఫోనే ఉంచుకోవచ్చు. శబ్దం వెంటనే మామూలైపోతుంది. పరీక్షల రోజుల్లో మాత్రం వైరున్న ఇయర్‌ఫోన్ ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది, ఛార్జింగ్ అయిపోవడం అప్పుడే జరుగుతుంది.

ప్రశ్న: కంప్యూటర్ మేడ మీద గదిలో, ఆంప్లిఫయర్ కింద హాల్లో. వైరు దారి కొలిస్తే ఇరవై మీటర్లు దాటుతోంది. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌లు ఒకదానికొకటి తగిలించవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: తగిలించవద్దు. యూఎస్‌బీ 5 మీటర్లకే అలిసిపోతుందని పైన చెప్పాను. ఆప్టికల్ కూడా ప్లాస్టిక్ ఫైబర్‌లో 5 మీటర్లు దాటాక నమ్మకం తగ్గుతుంది, 10 అంటే అదృష్టం మీద ఆధారపడ్డట్టే. అంత దూరం పాటని మోసుకెళ్ళడానికి ఇంట్లో ఇప్పటికే ఉన్న దారి నెట్‌వర్క్. ఈథర్నెట్ తీగ 100 మీటర్ల వరకు వెళుతుంది, పైగా దాని రెండు కొసల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి కూకట్‌పల్లి వారి గుయ్ గొడవ కూడా మామూలుగా రాదు. తొడుగు లేని సాదా కేబుల్ తీసుకోండి.

కింద హాల్లో డాక్ పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, అందులో వొల్యూమియో గానీ మూడ్ గానీ ఎక్కించండి, రెండూ ఈ పని కోసమే చేసిన సాఫ్ట్‌వేర్‌లు. ఆ చిన్న కంప్యూటర్‌కీ డాక్‌కీ మధ్య జానెడు యూఎస్‌బీ వైరు చాలు. పాటలన్నీ మేడ మీద కంప్యూటర్‌లోనే షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉంచండి, ఏ పాట కావాలో సోఫాలో కూర్చుని ఫోన్ బ్రౌజర్‌లో నొక్కుకోవచ్చు. వైఫై మీద కూడా నడుస్తుంది గానీ మధ్యలో శ్లాబు ఉంటుంది కాబట్టి, వైరు వేయించుకునే వీలుంటే వేయించండి. కంప్యూటర్‌ని నిద్రపోనివ్వకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ తీసేయాలి, లేకపోతే పాట పాటకీ మీరు మెట్లెక్కాల్సి వస్తుంది. అది ఇష్టం లేకపోతే పాటల్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా ఆ రాస్ప్‌బెర్రీ పైకే గుచ్చేయండి, అప్పుడు మేడ మీద కంప్యూటర్‌తో పనే ఉండదు.